పీత డిప్పలో పురుడు

ఉత్తర పసిఫిక్‌లో పట్టిన కింగ్ క్రాబ్ అనే పెద్ద పీత డిప్ప ఊడదీస్తే అప్పుడప్పుడు మొప్పలకు ఆనుకుని చేపగుడ్ల ముద్ద బయటపడుతుంది. అవి కారెప్రాక్టస్ అనే లోతునీటి స్నెయిల్‌ఫిష్ గుడ్లు. ఆడచేపకు గుడ్లు జారవిడిచే గొట్టం ఒకటి బయటికి సాగుతుంది. దాన్ని డిప్ప అంచు సందులోకి దూర్చి పని కానిచ్చేస్తుంది. పీత తన ఊపిరి కోసం ఎలాగూ మొప్పల మీదుగా నీళ్లు పారిస్తూనే ఉంటుంది కాబట్టి గుడ్లకు ఆక్సిజన్‌కు లోటుండదు, పైన డిప్ప కాపలా ఉండనే ఉంది. కాకి గూట్లో కోకిల గుడ్ల వ్యవహారమే, కాకపోతే ఇక్కడ గూడు కాకి ఒంట్లోనే ఉంది! పీతకు మాత్రం ఇదో పెద్ద తంటా. ముద్ద ఒత్తిడికి మొప్పలు నలిగి, కొంత మేర చచ్చుబడిపోతాయి కూడా.

గుడ్లను చూసి తల్లి ఏ జాతిదో చెప్పడం కష్టం. అమెరికా పరిశోధకులు డీఎన్‌ఏ పోల్చి తల్లులను గుర్తించి, 2016లో వివరాలు ప్రచురించారు.

నిజానికి ఎదిగిన చేపలను గుర్తుపట్టడమూ అంత తేలిక కాదు. స్నెయిల్‌ఫిష్‌ల కుటుంబమైన లిపారిడేలో 400కు పైగా జాతులున్నాయి. ఒంటికి పొలుసులుండవు, లోతునీటి జాతుల్లో కండ మెత్తగా జిగురులా ఉంటుంది, వలలో పడితే చర్మం చిరిగిపోతుంది. తీరం దగ్గరి జాతుల్లో పొట్ట కింది రెక్కలు కలిసిపోయి, రాళ్లను పట్టుకునే గుండ్రటి బిళ్లలా మారాయి. లోతుకు వెళ్లేకొద్దీ చాలా జాతుల్లో అది చిన్నదైంది, కొన్నిట్లో మాయమైంది. బిళ్ల ఉంటే కారెప్రాక్టస్ ప్రజాతి, లేకపోతే పారాలిపారిస్ ప్రజాతి అని చాలాకాలం లెక్క నడిచింది. డీఎన్‌ఏ ఆ లెక్కను తారుమారు చేసింది: బిళ్ల పోవడం వేర్వేరు శాఖల్లో విడివిడిగా జరిగింది. అందుకే 2025లో కాలిఫోర్నియా తీరపు లోతుల నుంచి మూడు కొత్త జాతులను ప్రకటించినప్పుడు బిళ్ల ఒక్కటే చూసి ఊరుకోలేదు, కొలతలు, సీటీ స్కాన్, డీఎన్‌ఏ అన్నీ జతచేశారు.

ఇంకా కిందికి, సముద్రపు అగాధాల్లోకి దిగితే కింగ్ క్రాబ్‌లుండవు. చేపలు మాత్రం ఉన్నాయి. 2022లో జపాన్ దగ్గరి ఇజు-ఒగసవారా అగాధంలో 8,336 మీటర్ల లోతున ఒక స్నెయిల్‌ఫిష్ కెమెరాకు చిక్కింది. మరియానా అగాధంలోని సూడోలిపారిస్ స్వైరై అనే స్నెయిల్‌ఫిష్ జాతికి 2017లో పేరు పెట్టారు. జానెడు పొడవు దాటితే గొప్ప అనిపించే ఈ చేప గుడ్డు 9 మిల్లీమీటర్లకు పైగా కూడా ఉండొచ్చు. అంటే గుడ్లు కొన్నే, కానీ ఒక్కోదానిలో పిల్లకు సరిపడా తిండి కట్టిపెట్టి పంపుతుందన్నమాట.