రెండు సూదులు, ఒక్క దారం

ప్రియమైన పిల్లలకు,

మొన్న మీరిద్దరూ నా పనిముట్ల పెట్టె తెరిచి, "తాతయ్యా, ఈ సూదుల మొనలు అరిగిపోయాయి, పారేయమంటావా?" అని అడిగారు. వద్దని పెట్టె మూసేశానే గానీ, ఎందుకు వద్దో చెప్పలేదు. జీను కుట్టే పనంతా ఆ మొద్దు సూదుల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అవి అరిగినవి కావు. మొద్దుగానే తయారుచేస్తారు. తోలుకు చిల్లు పెట్టేది సూది కాదు, ఆరె. చెక్క పిడికి బిగించిన చిన్న ఉక్కు మొన అది. దాన్ని ముట్టుకొని చూడండి, గుండ్రంగా ఉండదు. పేకముక్క మీది డైమండు గుర్తులా నాలుగు అంచులు తగులుతాయి. ఈ ఆరె తోలులో సన్నటి ఏటవాలు చీలిక పెడుతుంది. దారం బిగించాక ఆ చీలిక దాని చుట్టూ మళ్లీ మూసుకుంటుంది. ప్రతి చిల్లుకూ చెయ్యి ఒకే వాలులో ఉండాలి. చెయ్యి తిరిగిందో, ముందు వైపు కుట్టు బాగానే ఉన్నా వెనక వైపు వంకర్లు పోతుంది. నాకు ఆ నిలకడ రావడానికి ఏళ్లు పట్టింది.

ఇక కుట్టు. దారం ఒక్కటే, దాని రెండు కొసలకూ చెరో సూది. కుట్టాల్సిన పొడవుకు కనీసం నాలుగు రెట్లు దారం తీసుకోవాలి, తోలు మందమైతే ఇంకా ఎక్కువ. అవిసె నార దారానికి తేనెమైనం బాగా పట్టించాలి. మైనం దారాన్ని చిల్లులో జారకుండా పట్టి ఉంచుతుంది, తడి నుంచీ కాపాడుతుంది. రెండు తోలు ముక్కలనూ చెక్క పట్టకర్రలో పెట్టి మోకాళ్ల మధ్య నొక్కి పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చిల్లు పెట్టి, ఒక సూదిని ఇటు నుంచి అటు పంపాలి. రెండో సూదిని అదే చిల్లులోంచి అటు నుంచి ఇటు తేవాలి. అప్పటికే చిల్లులో ఒక దారం ఉంటుంది కదా! సూదికి పదునుంటే ఆ దారాన్ని పొడిచేస్తుంది. పొడిచిన దారం సరిగా బిగుసుకోదు, అక్కడే బలహీనపడుతుంది. మొద్దు సూది దాన్ని పక్కకు నెట్టి దూరిపోతుంది. మొద్దుతనం ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

మామూలు కుట్టు మిషన్‌లో రెండు దారాలుంటాయి. పైది, కిందిది తోలు మధ్యలో ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. ఒకటి తెగితే రెండోదానికి పట్టు పోతుంది, కుట్టు వరసగా వదులైపోతుంది. చేతికుట్టులో ఒక చోట దారం అరిగి తెగినా, అదే చిల్లులోంచి ఎదురుగా వెళ్లిన రెండో కొస పట్టుకునే ఉంటుంది. మిషన్‌ను తక్కువ చేయడం లేదు, సంచులకూ పర్సులకూ అది చాలు. కానీ రికాబు పట్టీ, అంటే కాలు పెట్టే రికాబును జీనుకు వేలాడదీసే పట్టీ, దాని సంగతి వేరు. గుర్రం ఎక్కేటప్పుడు మనిషి బరువంతా ఒక్క పట్టీ మీద పడుతుంది. గుర్రం పరుగెత్తుతుండగా అది తెగితే ఏమవుతుందో ఊహించండి. అలాంటి చోట నేను చేతికుట్టే వేస్తాను, అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు. బలం కోసమని మరీ దగ్గరగా కుట్టకండి. చిల్లులు ఎక్కువైతే, కాగితానికి వరసగా చిల్లులు పెట్టినట్టే తోలు ఆ గీత వెంట చిరుగుతుంది.

కుట్టు ఎంత బాగున్నా తోలు సరైనది కాకపోతే లాభం లేదు. చర్మం అంతా ఒకేలా ఉండదు. వెన్నుకు రెండు వైపులా, నడుము దగ్గర ఉండేది గట్టిది, తక్కువ సాగుతుంది. పొట్ట వైపుది వదులు. పనికి కొత్తలో నేను రికాబు పట్టీలు రెండూ ఒకే తోలులోంచి కోశాను. ఒకటి వెన్ను పక్క నుంచి, రెండోది ముక్క కలిసొస్తుందని పొట్ట వైపు నుంచి. కొన్ని వారాలకే పొట్ట వైపుది సాగిపోయింది. కూర్చున్న మనిషి ఒక పక్కకు ఒరిగితే ఆ భారం గుర్రం వీపు మీద కూడా ఒక పక్కకే పడుతుంది. నోరులేని జీవి, చెప్పుకోలేదు. ఆ పట్టీలు రెండూ తీసేసి కొత్తవి కుట్టి ఇచ్చాను. మంచి తోలు కూడా కొంత సాగుతుందనుకోండి. మామూలుగా గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కుతారు కాబట్టి ఎడమ పట్టీ ముందు సాగుతుంది. అందుకే అప్పుడప్పుడూ రెండు పట్టీలనూ అటుదిటు మార్చమంటాం.

కత్తి గురించి ఒక్కమాట. మొద్దు కత్తే చెయ్యి కోస్తుంది. బలంగా నొక్కాల్సి వస్తుంది, జారుతుంది. పని మధ్యలో కూడా తోలు పట్టీ మీద నూరుకుంటూ ఉండండి.

తడిసిన జీనును ఎండలోనో పొయ్యి పక్కనో ఆరబెట్టకూడదు. బిర్రబిగిసి పగుళ్లిస్తుంది. నీడలో, గాలి తగిలేలా ఉంచాలి. గుర్రం చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి వాడిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడవాలి. నూనె కొంచెమే రాయాలి, ఎక్కువైతే తోలు మెత్తబడి సాగుతుంది.

ఈసారి వచ్చినప్పుడు ఆ మొద్దు సూదులు మీ చేతికే ఇస్తాను. ముందు రెండు తోలు ముక్కలు కలిపి జానెడు కుట్టండి. చివరికి వచ్చాక ముడి వేయకండి. వెనక్కి తిరిగి మూడు చిల్లుల్లోంచి మళ్లీ కుట్టి, దారం కోసేసి, కుట్టు మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. దారం తోలులోకి అణిగిపోతుంది.

మీ తాతయ్య