పేగులో మూసుకోని తలుపు

1971 జూన్ నెలాఖరులో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలకత్తా నుంచి సరిహద్దు పట్టణం బనగావ్ చేరేసరికి అక్కడి చిన్న ఆసుపత్రిలో మంచాలు నిండిపోయాయి, నేల మీద కూడా జాగా లేదు. యుద్ధం నుంచి తప్పించుకుని తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) సరిహద్దు దాటి వచ్చిన లక్షల మంది శిబిరాల్లో ఉన్నారు. వాన, బురద, మురికినీళ్లు, వాటి వెంటే కలరా. మన తెలంగాణ పల్లెల్లో గత్తర అని పిలిచిన జబ్బు అదే. నేల మీద పడి ఉన్న రోగులకు సెలైన్ ఎక్కించాలంటే వాంతుల మధ్య, విరేచనాల మధ్య మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. కొద్ది రోజుల్లో ఆ సెలైన్ సీసాలు కూడా అడుగంటాయి.

గ్లూకోజు, ఉప్పు, వంట సోడా కొలిచి కలకత్తాలో పొట్లాలు కట్టించి తెప్పించారాయన. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా. డ్రముల్లో కలిపి ఉంచి, రోగుల పక్కన కూర్చున్న తల్లులకూ బంధువులకూ కప్పులిచ్చి తాగించమన్నారు. ఢాకాలో 1968లోనే అమెరికన్ వైద్యులు రిచర్డ్ క్యాష్, డేవిడ్ నాలిన్ ఇలాంటి ద్రావణం కలరాకు పనిచేస్తుందని చూపించారు. అయితే అది ఆసుపత్రిలో, వైద్యుల కళ్ల ముందు జరిగిన పని. చదువు రాని తల్లి చేతికి కప్పు ఇచ్చి వదిలేయడం అప్పటికి సాహసమే. ఎనిమిది వారాల్లో దాదాపు 3,700 మందికి ఆ శిబిరంలో చికిత్స జరిగింది. అంతకుముందు నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి.

ఇప్పుడు మనం ఓఆర్ఎస్ అని పిలిచే, ఉప్పు, చక్కెర కలిపిన ఈ నీళ్లకు అంత శక్తి ఎక్కడిది?

కలరా క్రిమి పేగును కొరికి తినదు. ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషాన్ని 1959లో కలకత్తాలోనే శంభునాథ్ డే ప్రయోగాల్లో పట్టుకున్నారు. దాని దెబ్బకు పేగు గోడ కణాలు లవణాన్ని లోపలి నుంచి పేగులోకి కుమ్మరిస్తాయి. లవణం ఎటు పోతే నీరు అటు పోతుంది. గంటల్లోనే మనిషి లీటర్ల కొద్దీ నీరు కోల్పోతాడు. ఉత్త నీళ్లు తాగించినా పేగు వాటిని పీల్చుకోలేదు, తాగినవి తాగినట్టే బయటికి వచ్చేస్తాయి. ‘విరేచనాలవుతుంటే నీళ్లు ఇవ్వకూడదు’ అనే మాట మన ఇళ్లలో పుట్టింది బహుశా అందుకే. ఎంతో మంది పసిపిల్లలను పొట్టన పెట్టుకున్న మాట అది.

అదే పేగు గోడలో ఇంకో దారి ఉంది. గ్లూకోజు, సోడియం జంటగా వస్తేనే లోపలికి పంపే ప్రోటీను అది. ఒక గ్లూకోజు అణువుతో పాటు రెండు సోడియం అయాన్లు దాటతాయి, వాటి వెనకే నీరు నడుస్తుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ వివరించారు. కలరా విషం ఈ తలుపు జోలికి పోదు. మిగతా అంతా తలకిందులైనా ఇది తెరిచే ఉంటుంది. నాకు శరీరశాస్త్రంలో ఇంతకన్నా దయగల సంగతి ఇంకొకటి కనిపించదు.

జంట అన్నాం కాబట్టి కొలత తప్పకూడదు. చక్కెర మరీ ఎక్కువైతే అది పేగులోనే మిగిలి ఒంట్లోని నీటిని తనవైపు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఉప్పు ఎక్కువైతే పసివాడి రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇప్పటి ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌లో ఉండేవి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్. మొత్తం 20.5 గ్రాములు, సరిగ్గా ఒక లీటరుకు. అరగ్లాసులో సగం ప్యాకెట్ పోసి కలిపితే అది మందు కాదు, ముప్పు.

కూల్‌డ్రింకులు, పండ్లరసం డబ్బాలు దీనికి సాటిరావు. చక్కెర దట్టించిన పానీయాల మీద ఓఆర్ఎస్ అని ముద్రించి అమ్మడంపై హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ఒక డాక్టరమ్మ పట్టుదలకు దక్కిన ఆ ఫలితాన్ని మనం దుకాణంలో అక్షరాలు చదివి నిలబెట్టుకోవాలి.

ప్యాకెట్ దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, రెండూ గుట్టగా కాకుండా అంచుకు సమంగా కొలిచి కలపవచ్చు. ఉప్పు వేసిన పలుచటి గంజి కూడా మంచిదే. పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా విడిపోతుంది కనుక తలుపు దగ్గర జంట కుదురుతుంది. మన అమ్మమ్మలకు ప్రోటీను సంగతి తెలియదు, గంజి సంగతి తెలుసు.

రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత పావు నుంచి అరకప్పు, పెద్ద పిల్లలకు అరకప్పు నుంచి కప్పు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు, అన్నం ఆపకూడదు. డాక్టరు చెప్పిన జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా పూర్తిగా వేయాలి. కలిపిన ద్రావణం ఒక రోజు దాటితే పారబోయాలి. బిడ్డ తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోకూడదు, అప్పుడు సెలైన్ అవసరం నిజంగా పడవచ్చు. తాగగలిగిన బిడ్డకు మాత్రం ‘ఒక సీసా ఎక్కించండి’ అని అడగడం ప్రేమ అనిపిస్తుంది గానీ, కప్పుతో అయ్యే పనికి సూది నొప్పి ఎందుకు?

వరద వచ్చినప్పుడు ఈ ప్యాకెట్ విలువ ఇంకా తెలుస్తుంది. మంచినీటి పైపుల్లోకి, బావుల్లోకి మురుగు చేరుతుంది, కరెంటు ఉండదు, మందుల దుకాణానికి దారి ఉండదు. తుపాను హెచ్చరిక వినగానే కొవ్వొత్తులు, బిస్కెట్లు కొనే మనం నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు కూడా తెచ్చి నీళ్లు చేరని ఎత్తులో పెట్టుకోవాలి. వాటి మీది గడువు తేదీ ఏటా ఒకసారి చూసుకోవాలి. ఇంట్లోని చెంబులో లీటరు సీసాతో నీళ్లు పోసి, ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మేకుతో ఒక గీత గీసి పెట్టండి, ఇవాళే.