ఒంటి చేత్తో బూటు లేసు

ట్రాయ్, మిషిగన్

చిరంజీవులు హర్షకి, మైత్రికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. సాయంత్రం నాతో పాటు పార్కు దాకా నడుస్తోంది. ఆదివారం ఫోన్లో హర్ష చెప్పిన మాట ఒకటి నా మనసులో ఉండిపోయింది. ఫోన్లో మాట్లాడదామంటే సగంలో మీ అమ్మ పిలుస్తుంది, నువ్వు పరిగెడతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మైత్రికి అర్థం కానివి ఉంటే నువ్వే చదివి చెప్పు.

మీ క్లాసులో కొత్తగా చేరిన అబ్బాయికి కుడి చెయ్యి మణికట్టు దాకానే ఉందన్నావు. క్రికెట్ ఆడేటప్పుడు వాణ్ణి అంపైర్‌గా పెడుతున్నామన్నావు. "వాడికి దెబ్బ తగలకూడదు కదా తాతయ్యా" అన్నావు. మంచి మనసుతోనే అన్నావని నాకు తెలుసు. అయితే నేనుంటున్న చోటు నుంచి కార్లో గంట లోపే ఫ్లింట్ అనే ఊరుంది. ఆ ఊళ్లో 1967లో పుట్టిన ఒకాయన గురించి నీకు చెప్పాలి. పేరు జిమ్ అబాట్. ఆయనకీ పుట్టుకతోనే కుడి చెయ్యి మణికట్టు దాకానే ఉంది. అమెరికాలో బేస్‌బాల్‌కి అన్నిటికన్నా పై స్థాయి మేజర్ లీగ్. అందులో పది సీజన్లు పిచ్చర్‌గా ఆడాడు.

పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడే. కానీ పరుగెత్తుకుంటూ రాడు. మైదానంలో పది అంగుళాల ఎత్తున మట్టి దిబ్బ ఉంటుంది. దాని మీద నిలబడి, ఒక కాలు పైకెత్తి, ఒక్క అడుగు ముందుకేసి విసురుతాడు. మోచెయ్యి వంచి విసరొచ్చు. మనమైతే నో బాల్ అంటాం. బంతి నేలకి తగలకుండా 60 అడుగుల 6 అంగుళాలు గాల్లోనే వెళ్తుంది. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వస్తే బ్యాటర్‌కి అర సెకను కూడా టైము ఉండదు. వికెట్లు లేవు. బ్యాటర్ పక్కన నేల మీద 17 అంగుళాల వెడల్పున తెల్లటి పలక ఉంటుంది. ఆ పలక పైన, మోకాళ్ల నుంచి ఛాతీ దాకా కనిపించని కిటికీ ఒకటి ఉందనుకో. బంతి ఆ కిటికీలోంచి వెళ్తే స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్. నాలుగు సార్లు కిటికీ తప్పితే బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి, అంటే పరుగు తీసే దారిలో మొదటి మజిలీకి, నడిచి వెళ్లిపోతాడు. దాన్ని వాక్ అంటారు.

విసరడం ఒక్కటే అయితే ఒక చెయ్యి చాలు. కానీ బంతి చేతిలోంచి వదిలిన మరుక్షణం పిచ్చర్ ఫీల్డర్ అయిపోతాడు. కొట్టిన బంతి ఒక్కోసారి నేరుగా ముఖం మీదికే వస్తుంది. అందుకే విసరని చేతికి తోలు గ్లవ్ వేసుకుంటారు. అబాట్‌కి ఆ రెండో చెయ్యి లేదు.

ఆయన ఏం చేసేవాడో పాత వీడియోల్లో ఆపి ఆపి చూశాను. బంతి విసిరేటప్పుడు గ్లవ్ కుడి ముంజేతి చివర ఆనుకుని ఉంటుంది. ఎడమ చేత్తో విసురుతాడు. విసిరిన చెయ్యి కిందికి దిగుతుండగానే దాని వేళ్లు గ్లవ్‌లోకి దూరిపోతాయి. బంతి తిరిగొచ్చేసరికి గ్లవ్ సిద్ధంగా ఉంటుంది. బంతి పట్టాడా, గ్లవ్‌ని కుడి ముంజేతికీ ఛాతీకీ మధ్య ఇరికించి, ఎడమ చెయ్యి బయటికి లాగుతాడు. అప్పటికే బంతి వేళ్లలో ఉంటుంది. వెంటనే ఫస్ట్ బేస్‌కి విసిరేస్తాడు. చదవడానికి నీకు పట్టిన టైములో పదోవంతు కూడా పట్టదు. చిన్నప్పుడు ఇంటి దగ్గర ఇటుక గోడకి బంతి కొట్టి పట్టుకుంటూ ఇది నేర్చుకున్నాడు. అలవాటయ్యే కొద్దీ గోడకి ఒక్కో అడుగు దగ్గరికి జరిగేవాడు. బంతి ఇంకా త్వరగా తిరిగి రావాలని!

హైస్కూల్లో ఒక జట్టు దీన్ని కనిపెట్టి, బంతిని గట్టిగా కొట్టకుండా ఆయన ముందుకే మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. దాన్ని బంట్ అంటారు. ఒంటి చేతివాడు వంగి తీసి విసిరేలోపు పరిగెత్తేయొచ్చని వాళ్ల లెక్క. మొదటివాడు బేస్ చేరాడు. ఆ తర్వాత వరుసగా బంట్ కొట్టినవాళ్లని అబాట్ అవుట్ చేశాడు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. ఆయన పుట్టేనాటికి అమ్మానాన్నలకి పద్దెనిమిదేళ్లు. కొడుకుని ఇంట్లో దాచిపెట్టలేదు, ఆటస్థలానికి పంపారు. చిన్నతనంలో కొక్కెం లాంటి కృత్రిమ చెయ్యి పెట్టించారు. అది పిల్లవాడికి నచ్చలేదు, కొన్నాళ్లకి పక్కన పెట్టేశారు. మూడో తరగతికి వచ్చినా అబాట్‌కి బూటు లేసు కట్టుకోవడం రాదు. ఆ క్లాసు మాస్టారి పేరు డాన్ క్లార్క్‌సన్. ఆయన పిల్లవాడి మీద జాలిపడి లేసు కట్టేసి ఊరుకోలేదు. రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని, ఒక చెయ్యి పిడికిలి బిగించుకుని, రెండో చేత్తో లేసు కట్టడం ముందు తాను సాధన చేశాడు. వచ్చేదాకా చేశాడు. ఒకరోజు అబాట్‌ని క్లాసు బయటికి తీసుకెళ్లి, వసారాలో కుర్చీలు వేసుకుని, "ఇదిగో, ఇలా" అని చూపించాడు. ఆ మాస్టారి గురించి అబాట్ పెద్దయ్యాక కూడా ఎన్నో సభల్లో చెప్పాడు.

హర్షా, ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ముప్పై రెండేళ్లు డ్రిల్ మాస్టారుగా చేశానని మీకు తెలుసు. నా దగ్గర పోలియోతో ఎడమ చెయ్యి చచ్చుబడిన పిల్లవాడు ఒకడు ఉండేవాడు. కబడ్డీ అంటే ప్రాణం. రోజూ గీత దగ్గర నిలబడేవాడు. నేనేమన్నానో తెలుసా? అచ్చం నువ్వన్న మాటే. దెబ్బ తగులుతుంది నాయనా అన్నాను, స్కోరు పుస్తకం చేతికిచ్చాను. నాలుగేళ్లు రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. పదో తరగతి అయిపోయాక పుస్తకం నాకు అప్పజెప్పి, "ఇందులో అందరి పేర్లూ ఉన్నాయండి, నాది తప్ప" అన్నాడు. కోపంగా అనలేదు. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కూత పెడుతూ గీత దాటి చూద్దామని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు.

సరే, అబాట్ సంగతికి వస్తాను. మిషిగన్ యూనివర్సిటీలో ఆడాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్‌ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. జపాన్‌తో ఫైనల్లో మొత్తం మ్యాచ్ తనే విసిరి 5-3తో అమెరికాని గెలిపించాడు. మామూలుగా కుర్ర పిచ్చర్లు చిన్న లీగుల్లో ఏళ్ల తరబడి, ఊరూరా బస్సుల్లో తిరుగుతూ ఆడాకే మేజర్ లీగ్ చూస్తారు. చాలామంది చూడకుండానే ఇంటికెళ్లిపోతారు. అబాట్ 1989లో నేరుగా కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టులోకి వెళ్లాడు.

ఇక్కడ ఒక పద్ధతి తెలుసుకోవాలి. మన క్రికెట్లో గెలిచినా ఓడినా జట్టుదే. బేస్‌బాల్‌లో ప్రతి గెలుపునీ, ప్రతి ఓటమినీ ఎవరో ఒక పిచ్చర్ ఖాతాలో రాస్తారు. 1991లో అబాట్ ఖాతాలో 18 గెలుపులు, 11 ఓటములు. ఆ ఏడు వాళ్ల లీగులో ఉత్తమ పిచ్చర్ ఓటింగ్‌లో మూడో స్థానం వచ్చింది. మరుసటి ఏడు, అంటే 1992లో, ఇంకా బాగా విసిరాడు. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.77 పరుగులే ఇచ్చాడు. ఇక్కడ ఇన్నింగ్స్ అంటే రెండు జట్లూ ఒకదాని తర్వాత ఒకటి, చెరో ముగ్గురు అవుటయ్యేదాకా బ్యాటింగ్ చేయడం. మ్యాచ్ అంతా తొమ్మిది ఇన్నింగ్సే, అంటే పూర్తి మ్యాచ్‌కి మూడు పరుగులు కూడా కాదు. కానీ సొంత జట్టు బ్యాటర్లు ఆ కాసిని పరుగులు కూడా తీయలేకపోయారు. 7 గెలుపులు, 15 ఓటములు. ఈ లెక్క నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కానీ ఆట పుస్తకంలో అలాగే ఉండిపోయింది.

తర్వాత న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్లాడు. 1993 ఆగస్టు 29న క్లీవ్‌లాండ్ జట్టు ఆయన్ని చితక్కొట్టింది. నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తి కాకముందే 7 పరుగులు ఇచ్చాడు. తీసేశారు. ఆ బాధ తట్టుకోలేక స్టేడియం బయటికొచ్చి, ఊరి వీధుల్లో పరిగెత్తాడు. ఆరు రోజుల తర్వాత, సెప్టెంబర్ 4న, మళ్లీ అదే క్లీవ్‌లాండ్ జట్టు. ఈసారి న్యూయార్క్‌లో. వాక్‌లు అయిదు ఇచ్చాడు. కానీ ఇన్నింగ్స్ తర్వాత ఇన్నింగ్స్ గడుస్తోంది, ఎవరికీ ఒక్క హిట్ కూడా రావడం లేదు. హిట్ అంటే బ్యాటర్ బంతి కొట్టి, అవుట్ కాకుండా బేస్ చేరడం. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టుకి ఒక్క హిట్ ఇవ్వకపోతే దాన్ని నో హిట్టర్ అంటారు. నూట యాభై ఏళ్ల మేజర్ లీగ్ చరిత్రలో అలాంటివి మూడు వందల పైచిలుకే.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కెన్నీ లాఫ్టన్ అనే మెరుపు లాంటి పరుగుగాడు వచ్చాడు. వచ్చీ రాగానే ఏం చేశాడో చూడు. బంట్ కొట్టబోయాడు! అది గీత బయటికి పోయింది. స్టేడియం స్టేడియమంతా లాఫ్టన్ మీద అరిచింది. అబాట్‌కి మాత్రం అది కొత్త కాదు, హైస్కూల్లోనే చూశాడు. లాఫ్టన్ అవుట్. తర్వాతివాడు దూరంగా కొట్టాడు, సెంటర్‌లో క్యాచ్ పట్టేశారు. చివరికి కార్లోస్ బయెర్గా. అతను రెండు వైపులా బ్యాట్ పట్టగలడు. మామూలుగా ఎడమ చేతి పిచ్చర్‌కి ఎదురుగా కుడి వైపు నిలబడాలి. ఆ రోజు అబాట్ బంతులకి జడిసి ఎడమ వైపు నిలబడ్డాడు. కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ వెళ్లింది. ఫీల్డర్ వెలార్డి తీసి ఫస్ట్ బేస్‌లో మాటింగ్లీకి విసిరాడు. అవుట్. 4-0. పాత వీడియోలో క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, పరిగెత్తుకుంటూ రావడం, అబాట్ ఎగిరి అతన్ని కావలించుకోవడం చూసి అమ్మమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

చాలామంది ఇక్కడితో కథ ఆపేస్తారు. నేను ఆపను. 1996లో ఆయన ఖాతా ఇలా ఉంది: 2 గెలుపులు, 18 ఓటములు. బంతిలో వేగం తగ్గిపోయింది. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌కి అయిదు రోజులకోసారి వంతు వస్తుంది. అంటే నాలుగు రోజులు ఆ ఓటమిని మోసుకుని తిరిగి, అయిదో రోజు వేల మంది ముందు మళ్లీ అదే దిబ్బ ఎక్కాలి. ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి అలా పద్దెనిమిది ఓటములు. మరుసటి ఏడు ఆడలేదు. 1998లో మళ్లీ వచ్చాడు, ఈసారి చిన్న లీగుల్లో కింది జట్టు నుంచి. కుర్రప్పుడు ఎక్కకుండా దాటేసిన మెట్లు ముప్పై ఏళ్ల వయసులో ఎక్కాడు. చికాగో వైట్ సాక్స్ పిలిస్తే వెళ్లి 5 మ్యాచ్‌లు విసిరి అయిదూ గెలిచాడు. 1999లో మిల్వాకీలో ఆఖరి సీజన్. ఆ లీగులో అప్పట్లో పిచ్చర్లు కూడా బ్యాటింగ్ చేయాలి. ఒంటి చేత్తో బ్యాట్ బిగించి పట్టి రెండు హిట్లు కొట్టాడు. మొత్తం మీద 87 గెలుపులు, 108 ఓటములు. గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. అయినా ఏ ఊరు వెళ్లినా, చెయ్యి లేని పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు స్టేడియం దగ్గర ఆయన కోసం కాచుకుని ఉండేవాళ్లు. ఓడిన రోజుల్లో కూడా వాళ్లతో కూర్చుని మాట్లాడేవాడు.

మీ క్లాసు అబ్బాయి అబాట్ అవుతాడని నేను అనడం లేదు. వాడికి బౌలింగ్ చేయాలని ఉందో లేదో కూడా నాకు తెలీదు. ముందు అడుగు. ఉందంటే బంతి ఇవ్వు, నువ్వు కీపింగ్ చెయ్యి. దెబ్బ తగిలితే అందరికీ తగిలినట్టే, మీ అమ్మ పసుపు పెడుతుంది. క్యాచ్ ఎలా పట్టాలా అని వాడు ఆలోచిస్తుంటే నువ్వు కూడా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పట్టి చూడు.

నేను నాలుగు రోజులుగా పొద్దున్నే మెట్ల మీద కూర్చుని, కుడి పిడికిలి బిగించి, ఎడమ చేత్తో బూటు లేసు కడుతున్నాను. మొదటి ముడి వచ్చింది. రెండోది బిగిసేలోపే జారిపోతోంది. మైత్రీ, నువ్వు కూడా ప్రయత్నించి, ఆదివారం ఫోన్లో ఎంతవరకు వచ్చిందో చెప్పు. ఎవరికి ముందు వస్తే వాళ్లు రెండోవాళ్లకి నేర్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య