జావా ప్రాజెక్టులో ఇన్ని ఫోల్డర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

జావా సర్వీస్ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజు తికమకపడేది ఫోల్డర్ల దగ్గరే. ఎస్ఆర్‌సీ తెరిస్తే మెయిన్, మెయిన్ తెరిస్తే జావా, ఆపైన కామ్, కంపెనీ పేరు, ప్రాజెక్టు పేరు. ఇన్ని మెట్లు దిగితే గానీ ఒక్క క్లాస్, అంటే కోడ్ ఉన్న ఫైలు, కంటపడదు. ఈ మెట్లు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఇబ్బందుల వల్ల పడ్డాయి.

అన్నిటికన్నా పాతవి అడుగునున్నవి. రెండు కంపెనీలు కస్టమర్ అనే క్లాస్ రాస్తే పేర్లు ఢీకొంటాయి. అందుకే వెబ్ డొమైన్‌ను తిరగేసి ప్యాకేజీకి, అంటే క్లాసుల గుంపుకు, పేరుగా పెట్టమని 1996లో వచ్చిన తొలి భాషా స్పెసిఫికేషనే సూచించింది. అప్పట్లో కామ్ అనే ముక్కను పెద్ద అక్షరాల్లో రాయమన్నారు, చిన్న అక్షరాల అలవాటు తర్వాత వచ్చింది. ప్యాకేజీ పేరులో చుక్కలతో విడదీసిన ముక్కలు ఎన్నుంటే అన్ని ఫోల్డర్లు దిగాలి.

1999లో జావా వెబ్ అప్లికేషన్ల ప్రమాణం సర్వ్‌లెట్ 2.2 వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ తెచ్చింది. క్లాసులు, జార్లు (క్లాసులను మూటకట్టిన ఫైళ్లు) అందులో ఉంటే బ్రౌజర్‌కు నేరుగా అందవు. సోర్స్ కోడ్ ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఎవరి ఇష్టం వాళ్లదే. 2000లో విడుదలైన యాంట్ అనే బిల్డ్ టూల్ (కోడ్‌ను కంపైల్ చేసి జార్‌గా కట్టేది) కూడా ఆ స్వేచ్ఛను అలాగే ఉంచింది. అపాచీలో జకార్తా టర్బైన్ అనే ప్రాజెక్టు కింద ఉన్న ప్రాజెక్టుల్లో ఒక్కోదానికి ఒక్కో రకం యాంట్ ఫైల్ ఉండేది, జార్లేమో నేరుగా అప్పటి వర్షన్ కంట్రోల్ టూల్ సీవీఎస్‌లోకి ఎక్కేవి. ఆ విసుగులోంచే మావెన్ అనే మరో బిల్డ్ టూల్ పుట్టింది. 2005లో మావెన్ 2తో ఇప్పుడు మనం చూసే అమరిక స్థిరపడింది: కోడ్ మెయిన్ కింద జావాలో, సెట్టింగుల ఫైళ్లు రిసోర్సెస్‌లో, టెస్టులు విడిగా టెస్ట్ కింద. చెప్పిన చోట పెడితే వేరే కాన్ఫిగరేషన్ రాయక్కర్లేదు.

ఇందులో నాకు బాగా నచ్చేది టెస్టుల ఏర్పాటు. ఫోల్డర్ వేరైనా ప్యాకేజీ పేరు ఒకటే కాబట్టి, పబ్లిక్ అనీ ప్రైవేట్ అనీ రాయని మెథడ్లను కూడా టెస్ట్ పిలవగలదు. అయినా టెస్ట్ కోడ్ ప్రొడక్షన్ జార్‌లోకి రాదు. ఇక మావెన్ టార్గెట్ ఫోల్డర్‌లో ఉన్నదంతా బిల్డ్ తయారుచేసిందే, ఎప్పుడైనా చెరిపేయొచ్చు. దాన్ని గిట్‌లోకి ఎక్కించకండి, దయచేసి.

తర్వాత గ్రేడిల్ అనే బిల్డ్ టూల్ కూడా ఇదే అమరికను తీసుకుంది. 2014లో సర్వీసులు రాసే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 1.0 వచ్చాక సర్వర్ కూడా జార్‌లోనే ఇమిడిపోయి, చాలా సర్వీసులకు వెబ్-ఇన్ఫ్ అవసరం తప్పింది.

తేలని సంగతి ప్యాకేజీ లోపల ఉంది. కంట్రోలర్ (అభ్యర్థనలు అందుకునేది), సర్వీస్ (అసలు పని చేసేది), రిపాజిటరీ (డేటాబేస్‌తో మాట్లాడేది) అని పొరలవారీగా విడగొట్టమని ఏ టూలూ అడగదు, అది మన అలవాటు. అలా విడగొడితే ఆర్డర్‌కు ఒక్క ఫీల్డ్ చేర్చడానికి మూడు నాలుగు ఫోల్డర్లు తిరగాలి, పైగా దాదాపు ప్రతి క్లాసూ పబ్లిక్ కావాలి. ఆర్డర్‌కు సంబంధించినవన్నీ ఒకే ప్యాకేజీలో ఉండటమే మేలని నా అభిప్రాయం. స్ప్రింగ్ బూట్ డాక్యుమెంటేషన్‌లో చూపించే నమూనాలోనూ కస్టమర్‌కు ఒక ప్యాకేజీ, ఆర్డర్‌కు ఒకటి ఉంటాయి. కంట్రోలర్, సర్వీస్, రిపాజిటరీ ఆ రెండింటి లోపలే కనిపిస్తాయి.