ఊసరవెల్లి నోటికి మునగాకు

హైదరాబాదులో ప్రహరీ గోడ మీద తల ఆడిస్తూ కనిపించే తొండను చాలామంది ఊసరవెల్లి అనే పిలుస్తారు. అసలు ఊసరవెల్లి వేరు. రెండు కళ్లను రెండు దిక్కులకు తిప్పుతూ కొమ్మల మీద మెల్లగా నడిచే మన దేశపు ఊసరవెల్లిని పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశాల్లో పెంపకానికి బాగా అలవాటైనది యెమెన్, సౌదీ అరేబియా కొండల నుంచి వచ్చిన, తల మీద ఎత్తైన శిఖ ఉన్న వెయిల్డ్ కెమీలియన్. దానిని ఇక్కడ పెంచాలన్నా 2022 చట్ట సవరణ తరువాత నమోదు తప్పనిసరి.

ఇలా పెంచే ఊసరవెల్లికి పండ్లు, కూరగాయలు పెట్టవచ్చా? దీనిని పెంచేవారు రైతుబజారు నుంచి తెచ్చిన బొప్పాయి ముక్కలను గిన్నెలో పెట్టి ఎదురుచూస్తే, అది సాధారణంగా వాటి వంక కూడా చూడదు. ఊసరవెల్లి ఎరను కదలికను బట్టి గుర్తిస్తుంది. తన శరీరం కంటే పొడవుగా సాగే నాలుకను విసిరి పురుగును లాక్కుంటుంది. ఆ నాలుక చివరి జిగురు మనిషి లాలాజలం కంటే సుమారు 400 రెట్లు చిక్కనిదని 2016లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఇంతటి యంత్రాంగం పురుగుల కోసం ఏర్పడిందే కాని, కదలని పండు ముక్క కోసం కాదు.

అయితే వెయిల్డ్ కెమీలియన్‌కు ఆకులు కొరికే అలవాటు కూడా ఉంది. అప్పుడు అది నాలుకను విసరకుండా నేరుగా దవడలతోనే తింటుంది. కాబట్టి గిన్నె తీసేసి, గూటిలోనే మందార మొక్క కుండీ ఉంచడం మేలు. నర్సరీ మొక్కకు పురుగుమందు కొట్టి ఉండవచ్చు గనుక, దానిని కొన్ని వారాలు విడిగా పెంచి, కొత్త చిగుళ్లు వచ్చాకే లోపల పెట్టాలి. మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ కెమీలియన్ మాత్రం దాదాపు పూర్తిగా పురుగుల మీదే బతుకుతుంది; దానికి ఆకు తినిపించాలని పట్టుబట్టడం వృథా శ్రమ.

నా దృష్టిలో కూరగాయలకు సరైన దారి పురుగు కడుపే. దానికి మేతగా వేసే కీచురాళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఊసరవెల్లి ఆహారంలో కాల్షియం భాస్వరానికి సుమారు రెట్టింపు ఉండాలి. ఈ లెక్క తప్పితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోతాయి, దవడ బలం తగ్గుతుంది. అందుకని కీచురాళ్లకు ఒకటి రెండు రోజులపాటు మునగాకు, క్యారెట్, తీపి గుమ్మడి మేపి, ఆ తరువాత వాటి మీద కాల్షియం పొడి చల్లి వదలాలి. పాలకూర, తోటకూర, గోంగూరల్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి కనుక వాటిని రోజూ మేపకూడదు. అతినీలలోహిత కాంతినిచ్చే దీపం లేకపోతే విటమిన్ డి తయారుకాక, తిన్న కాల్షియం కూడా సరిగా ఒంటబట్టదు. ఖర్చు తప్పుతుందని వీధి దీపాల కింది పురుగులను పట్టి పెట్టడం ప్రమాదకరం; మిణుగురు పురుగుల్లోని విషం బల్లి జాతి ప్రాణులను చంపగలదు.

ఏప్రిల్, మే నెలల పొడి ఎండలకు జాలిపడి తర్బూజ (పుచ్చకాయ) ముక్కలు పెట్టేవారూ ఉన్నారు. అందులో నీరు, చక్కెర తప్ప కాల్షియం పెద్దగా లేదు. ఎప్పుడైనా ఒక చిన్న ముక్క చాలు. ఊసరవెల్లి గిన్నెలో నిలిచిన నీటిని సాధారణంగా గుర్తించదు, ఆకుల మీది బొట్లను నాకుతుంది. కాబట్టి రోజూ మొక్కపై నీరు తుంపరగా చల్లాలి. రెట్టలో తెల్లగా ఉండవలసిన భాగం ముదురు పసుపుగానో, నారింజ రంగుగానో మారితే నీరు చాలడం లేదని అర్థం. తుంపర పెంచినా ఆ రంగు మారకపోతే, సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడికి చూపించాలి.