ఆపరేషన్‌కు ముందు "పది పాయింట్లు": ఈ లెక్క ఎక్కడిది?

"రక్తం పది పాయింట్లు లేదమ్మా, రెండు బాటిళ్లు ఎక్కించాలి, డోనర్లను చూసుకోండి." మా పెద్దమ్మ గర్భసంచి ఆపరేషన్‌కు ముందు రోజు ఒక ఆస్పత్రిలో చెప్పిన మాట ఇది. చీటీ మీద హిమోగ్లోబిన్ 8.2 అని ఉంది, చుట్టూ ఎర్ర పెన్నుతో గీత. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థం, డెసిలీటర్ రక్తంలో ఎన్ని గ్రాములుందో ఆ లెక్కనే పాయింట్లంటారు. మూడు నెలల ముందు బ్లీడింగ్ ఎక్కువవుతోందని వెళ్లినప్పుడే కింది రెప్ప లాగి చూసి "రక్తం తక్కువుంది" అన్నారు. ఒక్క ఐరన్ మాత్ర రాయలేదు. ఆ మూడు నెలలూ వృథా పోయాయన్నదే నా బాధ.

ఈ పది లెక్క 1942 నాటిది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఆడమ్స్, లండీ అనే మత్తు డాక్టర్లు హిమోగ్లోబిన్ 8-10 గ్రాముల కంటే తగ్గితే ఆపరేషన్‌కు ముందే రక్తం ఎక్కించడం మంచిదని రాశారు. అనుభవంతో ఇచ్చిన సలహా అది, పరీక్షించి తేల్చింది కాదు. అయినా దశాబ్దాల పాటు అదే రూలుగా నిలబడిపోయింది.

1980లలో ఎయిడ్స్ భయం వచ్చాకే రక్తం ఎక్కించే ముందు ఆలోచించడం మొదలైంది. 1988లో అమెరికా ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు పది అనే గీతకు ఆధారం లేదన్నారు. 1999లో కెనడాలో ఐసీయూలోని 838 మంది మీద చేసిన పరిశోధనలో, 7 కంటే తగ్గినప్పుడే రక్తం ఎక్కించినా మరణాలు పెరగలేదని తేలింది.

అలాగని రక్తహీనతను వదిలేయొచ్చని కాదు. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 2,27,425 మంది ఆపరేషన్ల రికార్డులు చూసింది, కొద్దిపాటి రక్తహీనత ఉన్నవాళ్లలో కూడా మరణాలు, కాంప్లికేషన్లు ఎక్కువగా కనిపించాయి. అంటే ఎక్కించి నంబర్ పెంచడం వేరు, రక్తం ఎందుకు తగ్గిందో కనిపెట్టి ముందే సరిచేయడం వేరు. 2010లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ ఈ ముందే సరిచేసే పద్ధతిని దేశాల ముందు పెట్టింది.

నరానికి ఐరన్ ఇస్తే చాలనీ అనుకోకండి. బ్రిటన్‌లో కడుపులో చేసే పెద్ద ఆపరేషన్లకు ముందు 487 మంది మీద చేసి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో, అలా ఇచ్చినా రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గలేదు.

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రాలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అర్జెంటు కాని ఆపరేషన్ అయితే డేట్ ఇచ్చిన రోజే హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూడమని అడగండి, ఐరన్ తక్కువై ఉంటే మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది.