రాజశేఖరుడి సొమ్ము ఎటు పోయింది?

'రాజశేఖర చరిత్రము'లో రాజశేఖరుడు దైవభక్తి లేనివాడేం కాదు. ధవళేశ్వరంలో కలిగిన కుటుంబం. పూజలూ శాస్త్రాలూ అంటే గురి, చెయ్యి చాపినవాడికి లేదనడు. అయినా ఆస్తంతా కరిగిపోయి, పెళ్ళాం పిల్లలతో కాశీ దారి పట్టాడు. 1878లో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తన పత్రిక 'వివేకవర్ధని'లో ధారావాహికగా మొదలుపెట్టి, 1880లో పుస్తకంగా తెచ్చిన నవల ఇది. ఇందులో ఉన్నవాళ్ల భక్తి మీద పంతులు గారికి అంత అనుమానం ఎందుకో తెలియాలంటే అప్పటి గోదావరి జిల్లా సంగతి తెలియాలి.

ముందు బైరాగి ముచ్చట చూడండి. బంగారం చేసిపెడతానంటాడు. ఇంట్లోని బంగారం, వెండి తెచ్చి అతని చేతిలో పోస్తాడు రాజశేఖరుడు. బైరాగి ఆ సొమ్ముతో ఉడాయిస్తాడు. కాషాయం కట్టినవాణ్ణి శంకిస్తే పాపమన్న భయం ఒకటి, ఉన్నది రెట్టింపవుతుందన్న ఆశ ఒకటి. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. నా మటుకు నవల మొత్తంలో పంతులు గారి చూపు ఇంత పదునుగా ఉన్న చోటు మరొకటి లేదు. చావడి నిండా చేరి పొగిడినవాళ్లు డబ్బున్నన్నాళ్లే ఉన్నారు. తర్వాత ఒక్కడూ గుమ్మం తొక్కలేదు.

కథ పెద్దాపురం రాజుల కాలానిది, చదివినవాళ్లు ఆనకట్ట కాలం వాళ్లు. 1830లలో కరువులూ ఉప్పెనా చూసిన డెల్టా ఇది. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852కల్లా అది పూర్తయింది. కాలవ నీళ్లతో వరి, వరితో రొక్కం వచ్చాయి. కచేరీ ఉద్యోగులూ ప్లీడర్లూ కూడా డబ్బు కళ్లజూశారు. రోజులకొద్దీ పెళ్లిళ్లు, భోగం మేళాలు, సంతర్పణలు, తీర్థయాత్రలు... పరువు వాటిలోనే ఉండేది. లంచం తిన్నవాడు కూడా సంతర్పణ చేస్తే ధర్మాత్ముడే. ధవళేశ్వరం బడిలో పనిచేస్తూ 1874లో 'వివేకవర్ధని' పెట్టిన పంతులు గారు, లంచగొండుల్ని అందులో వదలకుండా ఎండగట్టారు. నవల రాసింది ఆ చేత్తోనే.

ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ఇంగ్లీషు నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దీనికి ప్రేరణ. అక్కడ పాదిరి ప్రింరోజ్ డబ్బు దాచిన వ్యాపారి ఉడాయిస్తాడు, పాదిరి నష్టపోతాడు. రాజశేఖరుడి డబ్బు అలా కాదు, ఆయన చేతుల మీదుగానే పోయింది. మారువేషంలో తిరిగే పెద్దమనిషి మాత్రం రెండు కథల్లోనూ ఉన్నాడు. మనవాడు రామరాజు, అసలు పేరు కృష్ణజగపతి, పెద్దాపురం మహారాజు. చివర్లో ఆయనే కష్టాలు తీరుస్తాడు. అది నాకు మింగుడుపడదు. అంతమంది మోసగాళ్లను చూపించి, న్యాయానికి మళ్లీ ఒక ప్రభువు దిగిరావాలా?

పంతులు గారి జీవితంలో అలాంటి రాజు దిగిరాలేదు, ఒక వర్తకుడు ముందుకొచ్చాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం ఊరినంతా కదిలించింది. వెళ్లినవాళ్లకు వెలి తప్పలేదు. ఆ ఉద్యమానికి డబ్బు సాయం చేసినవారు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య. దానాలు చేసి చెడినవాడి కథ రాసిన మనిషికి, పని జరగాలంటే ఒక దాత కావలసివచ్చాడు. తర్వాతి తరంలో పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ సంస్కరణ కోరే బ్రహ్మసమాజం వైపు మొగ్గి, కాకినాడ కళాశాలను రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి చేతిలో పెట్టారు. నాయుడు గారు భోగం మేళాలకు బద్ధ విరోధి. అదే కాలంలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు, 1909లో కన్నుమూసేదాకా, వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఏ సంస్కరణ సభకూ వెళ్లలేదు, ఏ బైరాగికీ బంగారం ఇవ్వలేదు. ఆ పెట్టుబోతల్లో ఆవిడ ఆస్తి కూడా కరిగింది.